బ్లోయర్ మూగబోతే ఘాట్‌లో దారి కానరాదు

లోపం ఎక్కడో తెలియకుండానే వేలకు వేలు వదిలించుకుంటున్న పాత బండ్ల యజమానులు

నర్సీపట్నం: శీతాకాలం వచ్చిందంటే లంబసింగి చూడవచ్చే పట్నం జనానికి మంచు ఒక వేడుక. ఆ దారిలో రోజూ బండి నడిపి పొట్టపోసుకునే డ్రైవర్లకు మాత్రం అదే మంచు గండంగా మారుతోంది. తెల్లవారకముందే నర్సీపట్నంలో బయలుదేరి, డౌనూరు దాటి ఘాట్ ఎక్కే పాత సుమోలు, జీపులు, వ్యాన్లలో ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో గుడ్డ పట్టుకుని అద్దం తుడుచుకుంటూ నడిపే డ్రైవర్లు ఎందరో కనబడతారు. వైపరు ఆడుతూనే వుంటుంది. అయినా అద్దం తేటపడదు. వైపరు తుడిచేది అద్దం బయటి వైపు. ఆవిరి పట్టేది లోపలి వైపు.

బండిలో పదిమంది కిక్కిరిసి కూర్చుంటారు. వారి ఊపిరిలోని తేమ, మంచుకు తడిసిన దుప్పట్ల తేమ, కాళ్ల కింద గోనెసంచుల తేమ అంతా కలిసి చల్లగా వున్న ముందు అద్దానికి తగిలి నీటి పొరగా మారుతుంది. పొద్దున్నే చెంబులో చల్లటి నీళ్లు పోస్తే చెంబు బయట చెమట పట్టినట్టే ఇది కూడా. ఈ పొరను పోగొట్టడానికి బండి తయారు చేసినవారే డాష్‌బోర్డు లోపల ఒక ఏర్పాటు చేసివుంచారు. అదే బ్లోయర్. ఇంజను వేడితో కాగిన గాలిని ముందు అద్దం మీదికి ఊదేది, ఎండాకాలంలో ఏసీ చల్లగాలిని ముఖం మీదికి తోలేది ఈ ఒక్క పంకాయే. ఇది ఆగిపోతే చలికాలం హీటరూ లేదు, వేసవిలో ఏసీ కూడా లేదు.

సుమో బండ్లు 1994లో వచ్చి 2019లో తయారీ ఆగిపోయాయి. మారుతి ఓమ్ని 1984లో మొదలై 2019లోనే నిలిచిపోయింది. అంటే ఇప్పుడు మన రోడ్ల మీద తిరుగుతున్న వాటిలో చివరివి కూడా కొత్తవేమీ కాదు. అయినా పాడేరు, చింతపల్లి వైపు సంతలకు, ఆసుపత్రులకు జనాన్ని చేరవేసే బండ్లలో ఇవి చాలా వున్నాయి. కొండ మీది గూడెం నుంచి డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చిన మనిషిని ఎక్కించుకుని రాత్రిపూట ఘాట్ దిగవలసి వచ్చినపుడు ముందు అద్దం కనబడటం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

గ్యాసు పట్టించినా చల్లబడని బండి

చింతపల్లి వైపు కిరాయికి తిరిగే ఒక పాత సుమో సంగతి ఈ ప్రాంతంలోని చాలా బండ్లకు అద్దం పట్టేదిగా వుంది. మొదట దాని బ్లోయర్ ఒకటి, రెండు, మూడు నంబర్లలో పనిచేయడం మానేసింది. నాలుగో నంబరులో పెడితే మాత్రం గాలి బ్రహ్మాండంగా వచ్చేది. గాలి వస్తోంది కదా అని యజమాని దాన్ని అలాగే వదిలేశాడు. రోజంతా నాలుగో నంబరు మీదే నడిచింది. కొన్ని వారాలకు ఫ్యూజు పోయింది. కొత్తది వేస్తే రెండు రోజులకు అదీ పోయింది. విసుగెత్తి ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టారు. తీగ కాలిపోలేదు గానీ, ఒకనాడు ఘాట్ మధ్యలో డాష్‌బోర్డు లోంచి కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చి బ్లోయర్ పూర్తిగా ఆగిపోయింది.

ఇక అక్కడినుంచి ఖర్చు మొదలైంది. ఏసీ పనిచేయడం లేదని చెప్పగానే ఒక షెడ్డులో గ్యాసు అయిపోయిందన్నారు. గ్యాసు పట్టించారు. బండి చల్లబడలేదు. ఇంకొకచోట కంప్రెసరు మార్చాలన్నారు. ఆ మాటకు భయపడి యజమాని కొన్నాళ్లు బండిని అలాగే తిప్పాడు. చివరికి ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చేతిలో ఓ టెస్ట్ లాంపు పట్టుకుని గంటసేపట్లో సంగతి తేల్చాడు. గ్యాసు లోపం లేదు. కంప్రెసరు లోపం లేదు. బ్లోయర్ మోటారు బుషులు ఎండిపోయి తిరగలేక తిరుగుతోంది. ఆ బరువుకు కరెంటు ఎక్కువ లాగింది. దానితో మొదట రెసిస్టెన్స్ పోయింది, తరువాత ఫ్యూజు పోయింది, ఆ తరువాత రాగి తీగ పుణ్యాన స్విచ్చి దగ్గరి సాకెట్టు కరిగిపోయింది.

మరి ఏసీ కంప్రెసరు ఎందుకు పట్టలేదన్న ప్రశ్న వస్తుంది. చాలా పాత బండ్లలో ఏసీ బటనుకు కరెంటు బ్లోయర్ స్విచ్చి గుండానే వెళుతుంది. పంకా తిరగకుండా కంప్రెసరు పనిచేస్తే డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ మంచు గడ్డ కట్టిపోతుంది. అందుకని బ్లోయర్ వేస్తే తప్ప ఏసీ పట్టకుండా తయారుచేసినవారే కట్టుదిట్టం చేశారు. ఈ సంగతి తెలియక బ్లోయర్ స్విచ్చి పోయిన బండికి గ్యాసు పట్టించేవారు, తెలిసి కూడా పట్టించేవారు వున్నారన్నది డ్రైవర్ల ఫిర్యాదు. బండిని షెడ్డుకు తీసుకువెళ్లినపుడు "ఏసీ పనిచేయడం లేదు" అని కాకుండా "బ్లోయర్ తిరగడం లేదు" అనో, "గాలి వస్తోంది, చల్లగా లేదు" అనో విడమరచి చెబితే సగం తగువు అక్కడే తీరిపోతుంది.

నంబర్లే లోపం చెబుతాయి

బ్లోయర్ మోటారు 12 వోల్టుల మీద నడిచే సాదా మోటారు. దాని వేగం తగ్గించడానికి కరెంటు దారిలో రెసిస్టెన్స్ తీగచుట్లు పెడతారు. ఒకటో నంబరులో కరెంటు అన్ని చుట్లలోంచి పోవాలి గనుక మోటారు మెల్లగా తిరుగుతుంది. రెండు, మూడు నంబర్లలో చుట్లు తగ్గుతాయి. నాలుగో నంబరులో రెసిస్టెన్స్‌తో పనే లేదు, కరెంటు నేరుగా మోటారుకు పోతుంది. ఈ ఒక్క సంగతి బుర్రలో పెట్టుకుంటే సగం రోగనిర్ణయం అయిపోయినట్టే.

నాలుగో నంబరు ఒక్కటే పనిచేస్తూ మిగతావి పనిచేయకపోతే మోటారు మంచిదే, ఫ్యూజు మంచిదే, తప్పు రెసిస్టెన్స్‌ది లేక దాని సాకెట్టుది. మధ్యలో ఏదో ఒక్క నంబరు మాత్రమే పోతే స్విచ్చిలో ఆ ఒక్క కాంటాక్టు అరిగిపోయి వుండవచ్చు, లేక ఆ ఒక్క తీగ తెగి వుండవచ్చు. నాలుగో నంబరు ఒక్కటే పోయి మిగతావి బాగుంటే, ఆ వేగానికి విడిగా రిలే వున్న బండ్లలో రిలేను, లేనివాటిలో స్విచ్చిని అనుమానించాలి. ఏ నంబరులోనూ ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు ఫ్యూజు నుంచి మొదలుపెట్టాలి.

రెసిస్టెన్స్ ధర కొద్ది వందలే గనుక అది మార్చేసి బండి ఇచ్చేయడం సులువు. అయితే అది ఎందుకు పోయిందన్నది చూడకుండా మార్చితే మళ్లీ పోవడం ఖాయం. రెసిస్టెన్స్‌ను కావాలనే బ్లోయర్ గాలి తగిలేచోట బిగిస్తారు. కరెంటు పోయేటప్పుడు అది బాగా వేడెక్కుతుంది, ఆ వేడిని గాలి తీసుకుపోతూ వుండాలి. గాలి దారి మూసుకుపోయినా, మోటారు బరువెక్కినా, రెసిస్టెన్స్ మీద వుండే చిన్న ఫ్యూజు కరిగిపోతుంది. రెండోసారి రెసిస్టెన్స్ కాలిన బండికి మూడోది వేసే ముందు మోటారు విప్పి చేత్తో పంకా తిప్పి చూడవలసిందే. మంచి మోటారు పంకా వేలితో తోస్తే సులువుగా తిరుగుతుంది. పట్టి పట్టి తిరిగితే, లేక గరగరమంటే బుషులు పోయినట్టే.

గాలి దారి మూసుకుపోవడానికి మన ప్రాంతంలో కారణాలకు కొదవ లేదు. నీడ కోసం చింతచెట్టు కింద నిలిపిన బండి ముందు అద్దం కింది జాలీలోకి చింతాకు రాలి పోగుపడుతుంది. కాఫీ తోటల్లో తిరిగే బండ్లలో సిల్వర్ ఓక్ ఆకులు చిక్కుతాయి. ఇక కోతల తరువాత ఎలుకలు బ్లోయర్ గూటిలో గడ్డి, దూది, చిరిగిన గుడ్డలు చేర్చి కాపురం పెడతాయి. స్విచ్చి వేయగానే టకటకమంటే ఆకో పుల్లో పంకాలో పడినట్టు. బండి అంతా అదిరితే పంకా రెక్కలను ఎలుక కొరికి ఒకవైపు బరువు తప్పినట్టు. కీచుమంటే బుషు ఎండినట్టు. మోటారు చప్పుడు జోరుగా వినబడుతూ గాలి మాత్రం రాకపోతే పంకా ఇరుసు నుంచి జారిందనో, కూలింగ్ కాయిల్ దుమ్ముతో పూడిందనో అర్థం. చెవి వున్న మెకానిక్కు విప్పకముందే సగం చెప్పేస్తాడు.

ఒక పాత బల్బు చాలు

బ్లోయర్ అసలు తిరగనపుడు పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. ఫ్యూజును ముందు చూడాలి. కంటికి బాగానే వున్నట్టు కనబడే ఫ్యూజులు కూడా లోపల తెగి వుంటాయి గనుక తీసి, అదే లెక్క గల మరొకటి వేసి చూడటం మేలు. బండిని బట్టి ఇది 15 నుంచి 30 ఆంపియర్ల దాకా వుంటుంది. ఎంత వుండాలో ఫ్యూజు బాక్సు మూత మీద వుంటుంది. కొత్త ఫ్యూజు వేయగానే కాలిపోతే తీగ ఎక్కడో రేకుకు తగిలి షార్టయినట్టు. కొద్దిరోజులు ఆగి కాలిపోతే మోటారు బరువెక్కినట్టు.

ఇక్కడే రాగి తీగ సంగతి గట్టిగా చెప్పవలసి వుంది. సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టడం, సన్న తీగ మెలివేసి దోపడం మన దారుల్లో మామూలైపోయింది. బండి కదలడానికి ఇది తెలివిలాగే కనబడుతుంది. అయితే ఫ్యూజు కాలవలసిన చోట కాలకపోతే డాష్‌బోర్డు వెనకనున్న తీగల కట్ట కాలుతుంది. పదిమంది కూర్చున్న బండిలో, ఒక పక్క కొండ, ఇంకోపక్క లోయ వున్నచోట పొగ లేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఫ్యూజు ఖరీదు ఒక టీ ఖరీదు. ప్రతి బండిలోనూ నాలుగు ఫ్యూజులు అదనంగా వుంచుకోలేనంత లేమి ఏ యజమానికీ లేదు.

ఫ్యూజు బాగుంటే తరువాత మోటారు దగ్గరికి వెళ్లాలి. ఎక్కువ బండ్లలో అది డ్రైవరు పక్క సీటు ముందు, సామాను పెట్టే అర కింద వుంటుంది. స్విచ్చిని నాలుగో నంబరులో పెట్టి మోటారు గూటిని స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టాలి. తట్టగానే తిరగడం మొదలుపెడితే బ్రష్షులు అరిగిపోయినట్టు. అది రేపోమాపో మళ్లీ ఆగిపోతుంది.

తట్టినా కదలకపోతే మోటారు సాకెట్టు పీకి, ఆ రెండు తీగలకు ఒక బల్బు తగిలించాలి. అనుభవజ్ఞులు దీనికి చిన్న టెస్ట్ లాంపు కన్నా పాత హెడ్‌లైటు బల్బు వాడతారు. ఇందులో కిటుకు వుంది. చిలుము పట్టిన తీగ కూడా చిన్న లాంపును వెలిగించగలదు, మోటారును తిప్పలేదు. 60 వాట్ల హెడ్‌లైటు బల్బు 5 ఆంపియర్లు లాగుతుంది గనుక తీగ సత్తా బయటపడుతుంది. బల్బు దేదీప్యమానంగా వెలిగితే కరెంటు బాగానే వస్తోంది, ఎర్త్ బాగుంది, లోపం మోటారుదే. మినుకుమినుకుమంటే దారిలో ఎక్కడో చిలుము గానీ కరిగిన సాకెట్టు గానీ వుంది. అసలు వెలగకపోతే బల్బు ఒక కొసను బండి రేకుకు గట్టిగా ఆనించి రెండో కొసతో ఒక్కో తీగను తాకి చూడాలి. ఒక తీగలో కరెంటు వుంటే పోయింది ఎర్త్ వైపు. రెండింటిలోనూ లేకపోతే వెనక్కు, స్విచ్చికి, రిలేకు, ఇగ్నిషన్ తాళం దాకా వెతుక్కుంటూ పోవాలి.

కొన్ని బండ్లలో స్విచ్చి ప్లస్ వైపు వుంటుంది, కొన్నింటిలో ఎర్త్ వైపు వుంటుంది. ఎర్త్ వైపు వున్నచోట స్విచ్చి ఆపివున్నా మోటారుకు కరెంటు వస్తూనే వుంటుంది. దాన్ని చూసి కంగారుపడి తీగలు మార్చేసి బండిని మరింత పాడుచేసిన ఉదంతాలు లేకపోలేదు.

ఎర్త్ అంటే మన బండ్లలో చాలావరకు ఒక బోల్టు. డాష్‌బోర్డు కింద రేకుకు బిగించిన ఆ బోల్టు తుప్పుపడితే బ్లోయర్ ఒకరోజు తిరుగుతుంది, మరొకరోజు తిరగదు. గుంటల్లో తిరిగి, సమంగా వున్న రోడ్డు మీద ఆగిపోయే బ్లోయర్‌ను చూసి దయ్యం పట్టిందని నవ్వుకుంటారు. ఆ దయ్యం వదలడానికి బోల్టు విప్పి గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే చాలు.

మోటారును విడిగా పరీక్షించాలంటే బ్యాటరీ నుంచి రెండు తీగలు తెచ్చి నేరుగా ఇచ్చి చూడవచ్చు. తీగలో ఒక ఫ్యూజు తప్పనిసరి. ఆఖరి కొసను మోటారు దగ్గరే తాకించాలి, బ్యాటరీ దగ్గర కాదు. బ్యాటరీ మీద లేచే గ్యాసుకు నిప్పురవ్వ తగలకూడదు. స్విచ్చి, రెసిస్టెన్స్ విప్పి బిగించే పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసివుంచడం మరవరాదు.

గాలి వచ్చినా వేడి లేదు

బ్లోయర్ తిరుగుతూనే హీటరు గాలి చల్లగా వస్తే వెతకవలసిన చోటు వేరు. హీటరంటే ఇంట్లో కరెంటు పొయ్యి లాంటిది కాదు. ఇంజనును చల్లబరచి వేడెక్కిన నీరు, దాదాపు 80, 90 డిగ్రీల వేడితో, రెండు రబ్బరు హోసుల గుండా డాష్‌బోర్డు లోపలి చిన్న రేడియేటర్‌లోకి వస్తుంది. బ్లోయర్ గాలి దాని మీదుగా పోయి వేడెక్కుతుంది. ఇంజను బాగా వేడెక్కాక ఆ రెండు హోసులనూ జాగ్రత్తగా తాకి చూడాలి. రెండూ వేడిగా వుంటే నీరు బాగానే తిరుగుతోంది, లోపలి తలుపు కేబుల్ ఊడి వుండవచ్చు. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా వుంటే హీటరు వాల్వు మూసుకుపోయిందనో, లోపలి రేడియేటర్ బురద పట్టిందనో అర్థం. ఏళ్ల తరబడి కూలెంటు పోయకుండా బావి నీళ్లు పోసిన బండ్లలో ఇదే జరుగుతుంది. రెండూ గోరువెచ్చగానే వుంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయి వుంటుంది, లేదా దాన్ని ఎవరో ఎప్పుడో పీకి పారేసి వుంటారు. బండి వేడెక్కుతోందని మైదానంలో థర్మోస్టాట్ తీసేయించిన యజమాని, లంబసింగిలో హీటరు రావడం లేదని మొత్తుకోవడం పరిపాటి.

రేడియేటర్‌లో నీరు తగ్గినా హీటరు మొదట చల్లబడుతుంది. అది ఇంజను ఇస్తున్న ముందస్తు హెచ్చరిక. అయితే వేడిగా వున్న రేడియేటర్ మూత తెరిచి ముఖం కాల్చుకోవద్దు. బండి పూర్తిగా చల్లారాకే తెరవాలి.

కాళ్ల కింద తడి కనబడితే దాన్నీ చూడాలి. ఏసీ వేసినపుడు పడేది మామూలు నీరు, దాన్ని బయటకు పంపే గొట్టం పూడుకుందన్నమాట, ఒక పుల్లతో పొడిస్తే వదులుతుంది. ఆ తడి జిగటగా, రంగుగా, తీపి వాసనతో వుంటే కారుతున్నది కూలెంటు. హీటరు వేయగానే అద్దం తేటపడాల్సింది పోయి జిడ్డు పొరతో మరింత మసకబారుతుంటే కూడా లోపలి చిన్న రేడియేటర్ కారుతున్నట్టే. గుడ్డతో ఎంత తుడిచినా అది పోదు. కూలెంటు విషం గనుక పిల్లలు, కుక్కలు నాకకుండా చూసుకోవాలి.

చలిలో ఏసీ ఎందుకని అనరాదు

అన్నీ బాగున్న బండిలో కూడా అద్దం తేటపడటం లేదంటే నాబ్‌లు పెట్టడంలో తేడా వుండవచ్చు. చలిగా వుందని లోపలి గాలే తిరిగేటట్టు పెడితే ఊపిరి తేమంతా లోపలే తిరుగుతుంది. బయటి గాలి వచ్చేటట్టు పెట్టి, వేడి నాబ్ చివరికి తిప్పి, గాలిని అద్దం మీదికి మళ్లించి బ్లోయర్ వేయాలి. ఏసీ వున్న బండ్లలో ఏసీని కూడా కలిపి వేస్తే పొర ఇంకా త్వరగా పోతుంది. చలిలో ఏసీ ఏమిటని చాలామంది నవ్వుతారు గానీ, కూలింగ్ కాయిల్ గాలిలోని తేమను నీరుగా మార్చి బయటకు పంపేస్తుంది, పొడిగా మారిన గాలిని హీటరు వేడి చేస్తుంది. మరీ చలి ముదిరితే కంప్రెసరు దానంతటదే పట్టడం మానేస్తుంది, అప్పుడు హీటరే దిక్కు. హీటరు, బ్లోయర్ రెండూ లేని పాత జీపుల్లో అద్దాలు రెండు వేళ్ల మందం దించుకుని చలి భరించడం తప్ప మార్గం లేదు. ఆలుగడ్డ ముక్క, పొగాకు రుద్దడం అద్దం బయట వాన నీళ్లు జారడానికి కొంత పనికివస్తుందేమో గానీ, లోపలి ఆవిరికి అది మందు కాదు.

విడిభాగాల విషయంలో కూడా కొంత జాగ్రత్త అవసరం. తయారీ ఆగిన బండ్లకు బ్లోయర్ మోటార్లు పాత సామాన్ల దుకాణాల్లో దొరుకుతున్నాయి. కొనేముందు అక్కడే బ్యాటరీకి తగిలించి తిప్పించి చూసుకోవాలి. కరిగిన సాకెట్టును వదిలేసి కొత్త మోటారు బిగిస్తే ఆ మోటారూ ఎక్కువకాలం నిలవదు, తీగ కొస కత్తిరించి కొత్త సాకెట్టు వేయించాల్సిందే. బిగించాక గాలి వస్తోంది గానీ మునుపటి జోరు లేదనిపిస్తే మోటారును మళ్లీ తిట్టవద్దు. రెండు తీగలు తారుమారైతే పంకా వెనక్కు తిరుగుతుంది. వెనక్కు తిరిగినా ఈ రకం పంకా కొద్దిపాటి గాలి ముందుకే తోలుతుంది గనుక లోపం వెంటనే పట్టుబడదు. తీగలు అటుదిటు మార్చితే గాలి సరిగ్గా వస్తుంది.